బోల్టు మేస్త్రి ఇంటి తలుపులు

ఆ పేటలో వడ్రంగి పనివాళ్ళు పది పన్నెండు మంది ఉన్నారు గానీ, తలుపు బిగించాలంటే మాత్రం అందరూ ఒక్కడి కోసమే కాచుకుని కూర్చునేవారు. ఆయన అసలు పేరు ఓటర్ల జాబితాలో ఎక్కడో ఉండే ఉంటుంది. జనం నోట మాత్రం బోల్టు మేస్త్రి. గొళ్ళెం కానీ, గడియ కానీ, టవర్ బోల్టు కానీ, ఆయన చెయ్యి పడిందంటే వెంట్రుకవాసి తేడా ఉండదు. పసిపిల్ల చిటికెనవేలితో తోసినా జారాలి, ఏనుగొచ్చి గుద్దినా కదలకూడదు, అదీ ఆయన పట్టుదల. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు రంగుల సంగతి తర్వాత, ముందు మేస్త్రి ఎప్పుడొస్తాడో కనుక్కోండి అనేవారు.

పని అయ్యాక ఆయనకో అలవాటు ఉండేది. తను బయటికొచ్చి నిలబడి, ఇంటివాళ్ళని లోపలికి పంపి, "మీరే వేసి చూసుకోండి" అనేవాడు. ఎంత మర్యాదస్తుడో చూడు, మన తలుపు మొదటిసారి మన చేత్తోనే వేయించాడు అని వాళ్ళు మురిసిపోయేవారు. మర్యాదా లేదు, మన్నూ లేదు. పాతికేళ్ళ పనిలో బోల్టు మేస్త్రి ఒక్కసారి కూడా గడియ వేసిన తలుపుకి లోపలివైపు నిలబడలేదు. నిలబడలేడు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

ఊరందరి తలుపులకీ బోల్టులు బిగించిన ఆ మనిషి ఇంట్లో ఐదు తలుపులుంటే, ఒక్కదానికీ బోల్టు లేదు. వీధి తలుపుకి మాత్రం తాళం ఉంది, దానికి నాలుగు చెవులు, మనిషికొకటి. మిగతావన్నీ ఊరికే దగ్గరికి వేసుకోవడమే. పడకగది అంతే, స్నానాలగది అంతే, వెనకున్న సామాన్ల గదీ అంతే. ఇది మేస్త్రి తల్లి పెట్టిన నియమం. సొంతిల్లు లేని రోజుల్లో ఏ అద్దె ఇంటికి మారినా, సామాను దించకముందే కొడుకు చేత లోపలి గడియలన్నీ ఊడదీయించేది.

మరి ఆ ఇంట్లో మనుషులు ఎలా బతికారంటే, పలుకుతూ బతికారు. పెద్దావిడ ఇల్లంతా తిరుగుతూ ఉండేది. మూసిన తలుపు కనబడితే చాలు, "ఉన్నావా?" అని పిలిచేది. లోపలున్నవాళ్ళు "ఉన్నా" అనాలి. మూడు నిమిషాలకి మళ్ళీ "ఉన్నావా?" మళ్ళీ "ఉన్నా." ఒంటి నిండా సబ్బు నురగ ఉన్నా, నోట్లో బ్రష్షు ఉన్నా పలకాల్సిందే. పెళ్ళైన కొత్తలో మేస్త్రి భార్యకి ఇది నరకం. కొత్త దంపతుల గది ముందు అత్తగారు నిలబడి "ఉన్నారా?" అంటే ఏ ఆడపిల్లకి ఏడుపు రాదు? తలుపుకి అడ్డంగా కుర్చీ పెట్టి చూసింది. మర్నాటికల్లా ఆ కుర్చీ పెరట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత ఆవిడా అలవాటుపడిపోయింది. చుట్టాలు మాత్రం అలవాటుపడలేదు. ఎవరొచ్చినా రెండో పూటకల్లా ఏదో అర్జెంటు పని గుర్తొచ్చి వెళ్ళిపోయేవారు.

ఇంత జరుగుతున్నా, ఇదంతా ఎందుకని పెద్దావిడని ఎవరూ అడగలేదు. అడిగితే నొచ్చుకుంటుందని కొడుకు, అత్తగారితో మనకెందుకని కోడలు, అలా ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చారు. దాన్ని వాళ్ళు మంచితనం అనుకున్నారు. పిరికితనం అంటే సరిగ్గా సరిపోతుంది.

మేస్త్రికి ఒక్కతే కూతురు, పదిహేనేళ్ళది. ఇంట్లో బుల్లి అంటారు. అక్షరాల కన్నా ముందు సుత్తి పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. తండ్రి కొలత చెబితే గుర్తు పెట్టేది తనే. ఆ పిల్ల తండ్రిని అడిగింది ఒక్కటే: "నాన్నా, ఒక్క గదికి గడియ పెట్టవా?" పదమూడో ఏట మొదలుపెట్టి రెండేళ్ళపాటు అడిగింది. బట్టలు మార్చుకుంటుంటే పిలుపు, చదువుకుంటుంటే పిలుపు, ఏడుద్దామని తలుపు వేసుకుంటే ఏడుపు మధ్యలో పిలుపు. ముక్కు ఎగబీలుస్తూ "ఉన్నా" అనాల్సి రావడం కన్నా చిన్నతనం ఏముంటుంది ఆ వయసులో? "చూద్దాంలే తల్లీ" అనేవాడు మేస్త్రి. ఆయన చూడలేదు.

చూసి చూసి పిల్ల తనే బిగించుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, తండ్రి బజారుకి వెళ్ళినప్పుడు, ఆయన సంచీలోంచి ఆరంగుళాల టవర్ బోల్టు తీసి, సామాన్ల గది తలుపుకి లోపలివైపు కొలిచి, గుర్తు పెట్టి, సన్నటి బెజ్జాలు వేసి, స్క్రూలు బిగించింది. పని ఎంత శుభ్రంగా వచ్చిందంటే, ఇంకొకరింట్లో అయితే మేస్త్రి భుజం తట్టి మెచ్చుకునేవాడు. తర్వాత గడియ వేసుకుని, గోనెసంచుల మీద పడుకుంది.

"ఉన్నావా?" అంది నానమ్మ తలుపు బయట.

పిల్ల పలకలేదు. పలకకపోతే ఏమవుతుందో చూద్దామనిపించింది, అంతే. పెద్దావిడ రెండోసారి పిలిచింది, మూడోసారి లాగి చూసింది. తలుపు రాలేదు. ఆవిడ నోట్లోంచి వచ్చిన అరుపు వీధి మొదట్లో ఉన్న మేస్త్రికి వినబడింది.

ఆ గది తలుపు ఇవతలికి తెరుచుకుంటుంది. మడతబందులు ఇవతలివైపే ఉన్నాయి. వాటిలోని పిన్నులు రెండూ కింద నుంచి తట్టి లాగేస్తే, చప్పుడు లేకుండా తలుపు మొత్తం చేతిలోకొస్తుంది. పేటలో ఎవరు లోపల చిక్కుకుపోయినా మేస్త్రిని పిలిచేది అందుకే. రెండు నిమిషాల పని, అలా ఎన్ని తలుపులు తీశాడో ఆయనకే గుర్తులేదు. ఆ రోజు సొంత ఇంట్లో మాత్రం ఆయనకి పిన్నులు కనబడలేదు. గునపం కనబడింది. దాన్ని తలుపుకీ గుమ్మం చట్టానికీ మధ్య దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎత్తాడు.

లోపల పిల్ల నానమ్మ అరుపుకి భయపడి, గడియ తీద్దామని అప్పుడే లేచి వచ్చింది. కుడిచేతి వేళ్ళు బోల్టు పిడి మీద ఉన్నాయి. తలుపు ఒక్క ఊపులో ఊడి వచ్చినప్పుడు రెండు వేళ్ళు బోల్టుకీ చట్టానికీ మధ్య నలిగిపోయాయి. మేస్త్రి అది చూడలేదు. ఆయన చూసింది ఒక్కటే, కూతురు బతికే ఉంది. బతికి ఉండి కూడా పలకలేదు. చెయ్యెత్తి చెంప పగలగొట్టాడు. "పలకవేం!" అని అరిచాడు. పుట్టినప్పటి నుంచి పిల్ల మీద ఆ చెయ్యి పడడం అదే మొదలు. ఆ తర్వాత గానీ నేల మీద నెత్తురు కనబడలేదు ఆయనకి.

మధ్యవేలు ఆపరేషన్ తర్వాత కాస్త వంగింది. ఉంగరపు వేలు వంగలేదు, ఇక వంగదని డాక్టరమ్మ చెప్పింది. ఆస్పత్రి నుంచి బుల్లి ఇంటికి రాలేదు. నాలుగు వీధుల అవతల ఉన్న పిన్ని ఇంటికి వెళ్ళింది. తల్లి రోజూ వెళ్ళి చూసొచ్చేది. తండ్రి వెళితే పిల్ల లోపలి గదిలోకి వెళ్ళి గడియ వేసుకునేది. ఆయనే మూడేళ్ళ కిందట బిగించిన గడియ అది.

మూడు నెలలు గడిచాయి. పిన్ని భర్తకి వేరే ఊరికి బదిలీ అయింది, నెలాఖరుకి వెళ్ళిపోవాలి. నేనూ వాళ్ళతో వెళ్ళి అక్కడే చదువుకుంటానంది బుల్లి. బడిలో టీసీ ఇవ్వాలంటే తండ్రి సంతకం కావాలి. ఆ కాగితం తల్లి చేతికిచ్చి, ఒక్క మాట కూడా కలిపి పంపింది: "ఒక్క తలుపుకి బోల్టు పెట్టమను. పెడితే వస్తా. లేకపోతే సంతకం పెట్టమను."

ఇంత తేలిక షరతు ఇంకొకటుందా? మేస్త్రి రెండుసార్లు డ్రిల్లు తీసి ఆ గది ముందు కూర్చున్నాడు. మొదటిసారి తల్లి వచ్చి ఎదురుగా నిలబడింది, పెదవులు తెల్లబడ్డాయి. ఆయన లేచిపోయాడు. రెండోసారి తల్లి ఇంట్లో లేని సమయం చూసుకుని కూర్చున్నాడు. గుర్తు పెడుతుంటే పెన్సిల్ వణికింది. ఆ వణుకు అమ్మది కాదు, తనది. కొత్త బోల్టు తేవాలి అన్నాడు భార్యతో. తెచ్చాక, స్క్రూలు పొట్టివి అన్నాడు.

భార్యకి ఒళ్ళు మండిపోయింది. "ఊళ్ళో అందరికీ దొరికిన స్క్రూలు నా కూతురికే దొరకలేదా? ఇంకో పది రోజుల్లో అది వెళ్ళిపోతుందండీ. వెళితే మళ్ళీ రాదు, రాసిపెట్టుకోండి. మీ అమ్మగారిని అడగండి. ఏమైంది ఆవిడకి, ఎందుకీ పిలుపులు? నేను ఇరవై ఏళ్ళు అడగలేక చచ్చాను. మీరైనా అడిగి చావండి."

ఆయన అడిగాడు. తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కొడుకు వచ్చి పక్కన కూర్చుని అనేశాడు.

"అమ్మా, నువ్వు గడియలంటే ఎందుకంత భయపడతావు?"

ఆవిడ చేతిలోని తువ్వాలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. చెప్పదనే అనుకున్నాడు. చెప్పింది.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు. మా నాన్న కోపిష్టి, చెయ్యి ఊరికే లేచేది. మా అమ్మకి దాక్కోడానికి ఆ ఇంట్లో ఒక్క గదే ఉండేది, దానికే లోపల గడియ. ఆయన అరవడం మొదలుపెడితే లోపలికెళ్ళి వేసుకునేది. నన్ను బయట కూర్చోబెట్టేది. ఆయన వెళ్ళిపోయాక నేను తలుపు తట్టి, అమ్మా ఉన్నావా అంటే, ఉన్నా అని గడియ తీసేది."

"ఊఁ."

"ఒకరోజు పొద్దున్నే కొట్టేసి పనికెళ్ళిపోయాడు. ఇంట్లో ఆయన లేడు, అయినా అమ్మ లోపలికెళ్ళింది. నాకు నిద్రొస్తోంది, నన్ను పిలవకు అంది. నేను పిలవలేదు రా. చెప్పిన మాట వినే పిల్లని నేను. గుమ్మం ముందు కూర్చుని పలక మీద ఎక్కాలు రాసుకున్నా. ఆకలేసింది, అయినా పిలవలేదు. పక్కింటావిడ వచ్చి మీ అమ్మేదే అంటే, పడుకుంది, లేపొద్దంది అని నేనే పంపించేశా."

తువ్వాలు మూడోసారి మడతపెట్టింది.

"సాయంత్రం ఆయనొచ్చి తలుపు పగలగొట్టాడు. లోపల ఎలా ఉందో నన్నడక్కు. తనే చేసుకుంది, అంతవరకే చెప్తా. ఆయన బయటికొచ్చి, నన్ను చూసి, ఈ చెంప మీద కొట్టాడు. ఎందుకు పిలవలేదే అని."

మేస్త్రికి తన కుడి అరచేయి తనకే బరువుగా అనిపించింది. ఫోటో కూడా చూడని తాత ఒకాయన, ఎప్పుడో మట్టిలో కలిసిపోయినవాడు, తన భుజం దాకా వచ్చి నిలబడినట్టనిపించింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పను? జ్వరం వచ్చి పోయిందన్నారు అందరితో. మీ నాన్నకీ జ్వరమనే చెప్పా. నేను పిలుస్తూ ఉంటే ఎవరూ పోరనుకున్నా రా. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా చెప్పు? మీ నాన్న కూడా ఆస్పత్రిలోనే పోయాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు మేస్త్రికి. ఒక్కటే అడిగాడు. "ఆ దెబ్బ నీకింకా గుర్తుందా?"

"ఇవాళ పొద్దున కొట్టినట్టుంది."

అమ్మకిప్పుడు డెబ్బై, అంటే అరవై ఒక్క ఏళ్ళు. మేస్త్రి కొలతల మనిషి, లెక్క దానంతటదే వచ్చేసింది. బుల్లికి పదిహేను. అంటే ఆ పిల్ల డెబ్బై ఆరేళ్ళ ముసలమ్మ అయ్యేదాకా తన చెయ్యి దాని చెంప మీదే ఉంటుంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, గోడవైపు తిరిగి, నోరు మూసుకుని ఏడ్చాడు.

చెప్పేసింది కదా, ఇక గుండె బరువు దిగిపోయి ఉంటుంది అనుకునేరు. అదేం లేదు. కదిలించిన పుండులా ఆ మాట పెద్దావిడని మూడు రోజులు కాల్చుకు తింది. పిలుపులు రెట్టింపయ్యాయి. కోడలు స్నానానికి వెళితే తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఒక తేడా మాత్రం వచ్చింది. అత్తగారు "ఉన్నావా?" అంటే, భర్త ద్వారా సంగతంతా విన్న కోడలు ఇప్పుడు విసుక్కోకుండా, "ఉన్నాను అత్తయ్యా, ఇదిగో, వచ్చేస్తున్నా" అంటోంది.

మేస్త్రి మరదలి ఇంటికి వెళ్ళాడు. పిల్ల మామూలుగానే లోపలికెళ్ళి గడియ వేసుకుంది. ఆయన ఆ తలుపు ముందు నేల మీద చతికిలబడి, తల్లి చెప్పిందంతా చెప్పాడు. చెప్పడం చేతకాని మనిషి, వెనకది ముందు, ముందుది వెనక చెప్పాడు. అయ్యాక లోపలినుంచి పిల్ల గొంతు వచ్చింది.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావు? పాపం నానమ్మ. కానీ నన్ను కొట్టింది నానమ్మ కాదు, వాళ్ళ నాన్నా కాదు. నువ్వు."

"అవును. కొట్టింది నేనే. పిన్నులు తీసి ఉండాల్సింది. గునపం తీశాను. అదీ నేనే."

మేస్త్రి జేబులోంచి కాగితం తీశాడు.

"టీసీ కాగితం మీద సంతకం పెట్టాను" అన్నాడు. "తలుపు కింద నుంచి తోస్తున్నా. వెళ్ళాలంటే వెళ్ళు. నిన్ను ఆపే హక్కు నాకు లేదు."

కాగితం లోపలికి జారింది. అది అందుకుని పిల్ల అడిగింది. "బోల్టు పెట్టావా?"

"లేదు."

"ఎందుకు?"

"చెయ్యి రావట్లేదు రా బుల్లీ. భయం. అమ్మది కాదు, నాదే."

ఇలాంటి మాట తండ్రి నోట ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. "ఆదివారం వస్తా" అంది. "బ్యాగు తేను. ఊరికే వస్తా."

ఆదివారం వచ్చింది. నానమ్మకేసి చూసి తల ఊపింది, తండ్రికేసి చూడలేదు. సరాసరి సామాన్ల గదికి వెళ్ళింది. మేస్త్రి అప్పటికే చీలిపోయిన చట్టం మార్చి, తలుపు నిలబెట్టి ఉంచాడు. పిల్ల కొలిచింది, గుర్తు పెట్టింది, బెజ్జాలు వేసింది. స్క్రూ తిప్పబోతే పట్టు దొరకలేదు, వంగని వేలు అడ్డొచ్చి స్క్రూడ్రైవరు జారిపోయింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. మూడోసారి తండ్రి చేతికిచ్చింది. ఆ వేలు అంత దగ్గర నుంచి ఆయన చూడడం అదే మొదటిసారి. ఎనిమిది స్క్రూలు. కళ్ళు మసకేసి ఒక్కోదానికీ గాడి వెతుక్కోవాల్సొచ్చింది. చెయ్యి వణికితే వణకనిచ్చాడు, బిగించడం మాత్రం ఆపలేదు.

పెద్దావిడ స్టూలు మీద కూర్చుని అంతా చూస్తోంది. కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"వేసి చూడాలి" అంది పిల్ల. అలవాటు ప్రకారం మేస్త్రి ఇవతలికొచ్చి నిలబడ్డాడు. పిల్ల లోపలికి అడుగు వేయబోతుంటే పెద్దావిడ స్టూలు మీంచి లేచింది.

"ఆగు. ముందు నేను చూస్తా."

"అమ్మా, నువ్వా?" అన్నాడు మేస్త్రి.

"నేనే. నీకేం, ఊరందరికీ పెట్టావు. నేను పుట్టాక ఒక్కసారి కూడా వేసుకుని ఎరగను."

లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది. బోల్టు జారింది, మెత్తగా, ఆయన బిగించిన బోల్టులన్నీ జారినట్టే. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఒక నిమిషం, రెండు, ఐదు. మేస్త్రి చెయ్యి దానంతటదే మడతబందుల వైపు వెళ్ళింది. పిల్ల వచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "వద్దు నాన్నా" అంది. మూడు నెలల తర్వాత ఆయన ముఖంలోకి చూసి అన్న మొదటి మాట అది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు లోపలినుంచి ఏడుపు వినబడింది. డెబ్బై ఏళ్ళ మనిషి ఏడుపులా లేదు. ఎక్కిళ్ళు పెడుతూ, మధ్యలో "అమ్మా, అమ్మా" అంటూ, దారి తప్పిన పసిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. తల్లి పోయిన రోజు చెంపదెబ్బ తిని మింగేసిన ఏడుపు అది. ఆ తర్వాత ఒంటరిగా కూర్చుని ఏడవడానికి తనకంటూ మూసిన గది లేకుండా తనే చేసుకుంది. బయట ముగ్గురూ నేల మీద కూర్చుండిపోయారు. ఎవరూ తలుపు తట్టలేదు.

చాలాసేపటికి ఆవిడే గడియ తీసుకుని వచ్చింది. ముఖం ఉబ్బిపోయి ఉంది. "బాగా బిగించారు" అంది. మనవరాలికేసి చూసి, "నీ గది. పో, వేసుకో" అంది.

పిల్ల తల్లితో, "పిన్నికి ఫోన్ చేసి బ్యాగు పంపమను" అని చెప్పి లోపలికెళ్ళింది. బోల్టు పడింది. పెద్దావిడ స్టూలు తలుపు ముందుకి లాక్కుని కూర్చుంది. మూడు నిమిషాలయింది. పెదవులు కదిలాయి, గొంతు లేవబోయింది. ఆవిడ రెండు చేతులూ ఎత్తి తన నోరు తనే గట్టిగా మూసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు వేళ్ళ మీద కారుతున్నాయి. పిల్ల తలుపు తీసేదాకా ఆ చేతులు దించలేదు.